బరోబరి

బల్లార్షాల, బొగ్గుగనోళ్ల క్లబ్బుల,
ఐతారం పొద్దుగూకినంక
పంఖా కిందికెల్లి బల్లను పక్కకు గుంజినం.
గాలికి బంట్లు పడ్తయని కాదు,
పంఖానే ఊడి పడ్తదని.

తెల్ల పావులు నాయి.
ఒక గుర్రం ఎప్పుడో పోయింది, దాని జాగల
కాంట గదిలకెల్లి నేను తెచ్చిన ఇనుప నట్టు.
ఎదురుంగ దేవిదాస్ ఠేంగణే,
రాత్రిపాళిల గనిల నీళ్లు తోడే పంపు ఆయనది.
నేను శకటు అంటె ఆయన ఉంట్ అంటడు,
నేను మంత్రి అంటె ఆయన వజీర్.
ఏనుగు కాడ ఇద్దరం ఒక్కటే,
హత్తీ అనుకుంట చెయ్యిని తొండం లెక్క ఊపుతడు.
ఇరవై రెండేండ్లాయె.
పేర్ల మీద ఎన్నడు పంచాది రాలె,
ఎనుకకు తీసుకున్న ఎత్తుల మీదనే అన్ని పంచాదులు.

ఆ రోజు నేను గెలుస్తున్న.
గీ మాట చెప్పుకునే అలవాటు లేదు నాకు,
అందుకే ఇంకోసారి చెప్తున్న, గెలుస్తున్న.
నా దిక్కు రాజు, శకటు, కుడి అంచుకు ఒక బంటు.
ఆయన దిక్కు ఉత్త రాజు.
ఆ రాజు నాకంటె ముందుగాల ఉరికి
మూలకు చేరిండు,
జెరమొచ్చిన పిలగాడు
గోడ దిక్కు మర్లి పండినట్టు.

ఆ మూల నల్లది.
నా శకటు పుట్టిందే తెల్ల గడుల.
ఈ కొసకెల్లి ఆ కొసకు ఒక్క ఉరుకుల పోతది,
ఆనుకోని ఉన్న పక్క గడి మాత్రం దానికి పరదేశం.
వార్ధా దాటి రాజూరా పోనీకి బ్రిడ్జన్న ఉంది.
దీనికి అది గూడ లేదు.

మాకు ఈ సంగతి తెల్వదు.
బొగ్గు లారీలు తూకమేసేటోడు ఒకడు,
నీళ్లు తోడేటోడు ఒకడు.
ముల్లు ఒక దిక్కు వంగిందంటె
వంగినట్టే అని నా నమ్మకం.
రాజును జరిపిన. శకటును దూరం తీస్కపోయిన,
మల్ల దగ్గరికి తెచ్చిన.
ఆయన మూలకెల్లి పక్కకు, పక్కకెల్లి మూలకు,
పంపు గదిల తెల్లారేదాక తిరిగినట్టే.

ఒకపారి బంటును ముందటికి దొబ్బిన.
"గది తోస్తివా నాకు కదల జాగుండదు,
ఆట అయిపోతది, చూస్కో," ఆయననే చెప్పిండు.
ఎనుకకు తీసుకున్న.
దాని మీద పంచాది కాలె.

గోడ మీద ఒక కాయితం అంటించి ఉంటది,
యాభై ఎత్తులల్ల తేలకుంటె సమానమని.
చాయ్ పోసే అంజనాబాయి లెక్కకు కూసున్నది,
ఎత్తుకొక అగ్గిపుల్ల.
నలభైమూడింటికి పెట్టె ఖాళీ.
మిగిలినయాటికి క్యారం బిళ్లలు తెచ్చి పేర్చె.

యాభయ్యో బిళ్ల పెట్టి, కొంగుతోని చేతులు తుడుసుకోని
"బరోబరి" అన్నది.

ఈ ఊర్ల బరోబర్ అంటె సరిసమానం.
బరోబర్ అంటె నువ్వు చెప్పింది నిజమే అని గూడ.
తోడు అనాలన్నా అదే మాట, "తుఝ్యా బరోబర్ యేతో" అంటరు,
నీ ఎంబడి వస్త అని.
మా మంచిర్యాలల బరాబర్ అంటె లెక్క తప్పలేదని.
ఆమె ఏ లెక్కన అన్నదో నేను అడగలె.
నాకు కడుపుల మండుతున్నది.
ఇరవై టన్నుల బండిని ఖాళీ బండితోని బరాబర్ అని రాస్తె
తెల్లారేసరికి నా నౌకరి పోతది.

ఠేంగణే బీడీ తీసిండు.
లెక్కపెట్టిన పుల్లలల్ల ఒకటి అందుకోని గీసిండు.
"నలభై తొమ్మిదే ఉన్నయి ఇప్పుడు," అన్న.
నవ్వుతడనుకున్న.
పుల్ల ఏలు కాలేదాక చూసి ఊదిండు.
"అయితె ఇంకొకటి ఆడు," అన్నడు.

సైరన్ కూసింది.
టోపీ, లైటు, అన్నం డబ్బ తీసుకోని
ఆయన గని దిక్కు పోయిండు.
అంజనాబాయి గిలాసలు కడుగుతున్నది.
మూలన ఆయన రాజు అట్లనే ఉన్నది.
నేను శకటును ఒక్క గడి జరిపిన.
తెల్లదాని మీదికే.